పొదుగు నుంచి పొయ్యి దాకా: పచ్చి పాల ద్వారా పశువుల జబ్బులు మనుషులకు సోకకుండా చూసుకునే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పాలను కాచకుండా వాడే ఇల్లు అరుదు. తెల్లవారేసరికి పాలగిన్నె పొయ్యి ఎక్కుతుంది, పొంగు వచ్చాకే అందులోంచి టీకి తీస్తారు, మిగిలినవి తోడుకు వెళతాయి. అందువల్ల పచ్చి పాలతో జబ్బులు వస్తాయని ఎవరైనా చెబితే అది మన గొడవ కాదులే అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. అయితే పాలు పొయ్యి మీదికి చేరేలోపు పొదుగును, చేతులను, వడగట్టే గుడ్డను, క్యానును, తూచే మనిషిని దాటి వస్తాయి. పొయ్యి తాగేవాళ్లను కాపాడుతుందే తప్ప పితికేవాళ్లను కాపాడదు. ఇక్కడ రాస్తున్న జాగ్రత్తల్లో సగానికి పైగా పొయ్యికి ముందరివి కావడానికి అదే కారణం.

మా ఊరు గజపతినగరం వైపు. ఇంట్లో రెండు గేదెలు, ఒక ఆవు ఉన్న రోజుల్లో ఒక చూడి గేదె ఏడో నెలలో ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడను పడేసింది. మాయ పడకపోతే, మా నాన్న చేసినట్టే నేనూ చేతికి కాస్త నూనె రాసుకుని లాగేశాను, తర్వాత చెరువులో చేతులు కడుక్కుని ఇంటికి వచ్చాను. నాలుగు వారాలు తిరగకుండానే జ్వరం మొదలైంది. పగలంతా బాగానే ఉండేది, సాయంత్రానికి వణుకు పుట్టేది, అర్ధరాత్రి చెమటతో దుప్పటి తడిసిపోయేది, నడుము పట్టేసేది. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు, రెండింటికీ మందులు మింగాను. రెండున్నర నెలల తర్వాత ఒక వైద్యురాలు మీ ఇంట్లో పశువులున్నాయా అని అడిగి, పశువుల నుంచి సోకే బ్రూసెల్లా అనే క్రిమికి పరీక్ష రాశారు. అంతకుముందు చూసినవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాకు చెప్పాలని తోచనూ లేదు.

జబ్బు ఏ దారిన వస్తుంది

పశువైద్యులు ఈసుడు రోగం అని పిలిచే బ్రూసెల్లోసిస్ ఆవుల్లో, గేదెల్లో ఒక రకం సూక్ష్మజీవి వల్ల, మేకల్లో, గొర్రెల్లో ఎక్కువగా ఇంకో రకం వల్ల వస్తుంది. మేకలకు సోకే రకం మనుషులను మరింత తీవ్రంగా బాధిస్తుంది. జబ్బు ఉన్న పశువు సాధారణంగా అయిదో నెల దాటాక ఈసుకుపోతుంది, మాయ నిలిచిపోతుంది, ఆ తర్వాత మళ్లీ మామూలుగా మేస్తుంది, మామూలుగా పాలిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. పైకి ఏ లక్షణమూ కనిపించని పశువు పాలలో కూడా ఈ క్రిమి నెలల తరబడి, కొన్నిటిలో ఏళ్ల తరబడి వచ్చిపోతూ ఉంటుంది. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిషు సైనికులను చంపుతున్న జ్వరానికి కారణమైన క్రిమిని డేవిడ్ బ్రూస్ 1887లో కనిపెట్టినా, అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి 1905 వరకు పట్టింది. ఆ ఏడాది థెమిస్టోక్లిస్ జమిత్ అనే స్థానిక వైద్యుడు పరీక్షించి చూస్తే, నిక్షేపంగా కనిపిస్తున్న మేకల్లోనే ఆ క్రిమి దొరికింది. మరుసటి ఏడాది సైనికులకు మేకపాలు ఆపేయగానే జ్వరాలు తగ్గిపోయాయి. ‘మా గేదె శుభ్రంగా ఉంది’ అనే మాటను నేను ఇప్పుడు సాక్ష్యంగా తీసుకోకపోవడానికి ఆ మేకలే కారణం.

రెండోది పశువుల క్షయ. ఇది ఎక్కువగా పచ్చి పాల ద్వారా మనిషి పేగులకు, మెడ దగ్గరి గ్రంథులకు సోకుతుంది. మెడలో గడ్డలు వరుసగా తేలే గండమాల రకం క్షయకు ఇదీ ఒక కారణం. మనుషుల క్షయకు వాడే ముఖ్యమైన మందుల్లో ఒకటైన పైరజినమైడ్ ఈ క్రిమి మీద పనిచేయదు కాబట్టి, ఇంట్లో పశువులున్న సంగతి క్షయ వైద్యుడికి ముందే చెప్పడం అవసరం.

ఈ రెండూ కాక పేడతో పాలలో కలిసేవి కొన్ని ఉన్నాయి: సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్, కొన్ని రకాల ఈ-కోలై. ఇవి వాంతులు, రక్త విరేచనాలు తెస్తాయి, చిన్నపిల్లల్లో మూత్రపిండాల దాకా పోతాయి. పొదుగువాపు ఉన్న పశువు నుంచీ, పితికేవాడి చేతి మీది చీముపుండు నుంచీ స్టెఫైలోకాకస్ అనే క్రిమి పాలలోకి దిగుతుంది. వానాకాలంలో పశువుల సాలలో నిలిచే మూత్రపు తడి నుంచి కాళ్ల పగుళ్ల ద్వారా లెప్టోస్పైరా అనే క్రిమి ఒంట్లోకి వెళుతుంది. గేదెల మశూచి ఉన్న పొదుగును తాకితే వేళ్ల మీద బొబ్బలు లేస్తాయి. అన్నిటికీ ఒకేలా భయపడనక్కర లేదు. గాలికుంటు వల్ల మనుషులకు ప్రమాదం లేనట్టే. లంపీ స్కిన్ అనే ముద్దచర్మ వ్యాధి మనుషులకు సోకనే సోకదు. ఆ జబ్బులు ఊళ్లోకి వచ్చినప్పుడు పాలు పారబోసేవాళ్లను చూశాను; ఈసుకుపోయిన గేదె మాయను ఉత్త చేతులతో లాగేవాళ్లూ వాళ్లే.

ఈత వేళ, ఈసుకుపోయిన వేళ

పాల జబ్బుల గురించి రాస్తూ ఈత గురించి ఇంత ఎందుకంటే, బ్రూసెల్లా క్రిమి పాలలో కంటే మాయలో, ఉమ్మనీటిలో, చనిపోయిన దూడ ఒంటి మీద ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ చేతులతోనే తర్వాత పొదుగు పడతాం, ఆ పంచెకే చేతులు తుడుచుకుంటాం, ఆ గచ్చు మీదే పాలగిన్నె దించుతాం.

మాయ పడకపోతే మనం లాగకూడదు. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పాలి, లేదా 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించాలి. బలంగా లాగితే గర్భసంచి చిరిగి పశువుకూ నష్టమే. అయినా దూడ అడ్డం తిరిగి అర్ధరాత్రి చెయ్యి పెట్టక తప్పని పరిస్థితులు వస్తాయి. అందుకని భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ చేతితొడుగులు నాలుగు జతలు సాలలో ఒక డబ్బాలో పెట్టి ఉంచుకోవాలి. అవి లేని వేళ, చిల్లుల్లేని పొడుగాటి పాలిథిన్ సంచులు రెండేసి తొడుక్కుని మోచేతి పైన కట్టుకోవాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి, ఎందుకంటే ఉమ్మనీరు చిమ్మి కంట్లో పడ్డా, తుంపర పీల్చుకున్నా జబ్బు అంటుకుంటుంది. గర్భిణులను, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు. ఈ మాట చెప్పడం తేలిక, జరగడం కష్టం, ఎందుకంటే మన ఇళ్లలో సాల పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది, ఆ ఇంటి చూలాలు కూడా పేడ తీస్తూనే ఉంటుంది. కనీసం ఆ కొద్ది వారాలైనా ఆ పని మగవాళ్లు చేయాలి.

మాయను, చచ్చిపుట్టిన దూడను పెంటకుప్ప మీద వేయకూడదు, చెరువు గట్టున పారేయకూడదు. కుక్కలు ఈడ్చుకుపోయి ఊరంతా పంచుతాయి. నాలుగైదు అడుగుల గొయ్యి తవ్వి, అడుగున కాస్త సున్నం చల్లి, పూడ్చే ముందు పైన మరింత సున్నం పోసి, కుక్కలు తవ్వకుండా ముళ్లకంప పరచాలి. గొయ్యి బావికి, బోరుకు దూరంగా ఉండాలి. తడిసిన గడ్డిని కాల్చేయాలి. నేల మీది పేడను, రక్తాన్ని ముందుగా ఎత్తేశాకే, లీటరు నీటికి 30 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు పోసి అరగంట వదిలేయాలి. పేడ మీదనే పోస్తే ఆ మందు పేడతోనే సరిపోతుంది, క్రిమి దాకా దిగదు. బ్లీచింగ్‌లో ఫినాయిల్, యాసిడ్ వంటివి ఏవీ కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఎండ నేరుగా తగిలే చోట బ్రూసెల్లా కొద్ది గంటల్లోనే చస్తుంది గానీ, నీడలో, తడిలో వారాల తరబడి బతుకుతుంది. అందువల్ల సాల తూర్పు వైపు తడిక ఒకటి విప్పేసి ఎండ పడనివ్వడం కూడా ఒక మందే.

ఈసుకుపోయిన పశువును మిగతావాటికి దూరంగా కట్టాలి, స్రావాలు పూర్తిగా ఆగేవరకు, అంటే కనీసం మూడు వారాలు అలాగే ఉంచాలి. రక్తపరీక్ష చేయించే వరకు దాని పాలు పాలకేంద్రానికి గానీ, వాడుకకు పోయించుకునే ఇళ్లకు గానీ పోయకూడదు. పరీక్షలో జబ్బు ఉందని తేలితే చాలామంది మొదటగా చేసే పని, ఆ వారమే సంతకు తోలేయడం. అంటే జబ్బును ఇంకో ఇంటికి అమ్మడం. అలాంటి పశువును ఏం చేయాలో పశువైద్యుడితోనే మాట్లాడి తేల్చుకోవాలి. అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ చివరగా పితకాలి, దాని పాలు విడిగా ఉంచి కాచాలి, మళ్లీ ఈనే సమయంలో పైన చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి.

పితికేటప్పుడు

వరుస ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్నవాటిని ముందు, కొత్తగా కొన్నవాటిని తర్వాత, పొదుగువాపు ఉన్నవాటిని, మందులు వాడుతున్నవాటిని చివర పితకాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువమంది పాటించరు, ఎందుకంటే ఏ గేదె ముందు అరిస్తే దాన్నే ముందు పితకడం మనకు అలవాటు.

పితికే ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి, గోళ్లు పొట్టిగా ఉండాలి. గేదెలు చెరువులోనో బురదగుంటలోనో పడుకుని వస్తాయి కాబట్టి, ముందు ఒంటి మీది బురద కడిగి, నీరు కారిపోయేదాకా ఆగి, ఆ తర్వాతే పొదుగు దగ్గర కూర్చోవాలి. పొదుగు మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించి వెంటనే పితికితే, పైనుంచి కారే మురికినీళ్లన్నీ చన్నుల మీదుగా గిన్నెలోకే దిగుతాయి. కొద్ది నీళ్లతో చన్నులు మాత్రం కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డ ఒక్కో పశువుకు ఒక్కొక్కటి ఉండాలి. దూడను వదిలి చేపించాక దూడ చొంగ చన్నులకు అంటుతుంది కాబట్టి మరోసారి తుడవాలి. పితికే ముందర గడ్డి విదిలించడం, సాల ఊడవడం చేస్తే లేచిన దుమ్ము పాలలో పడుతుంది. ఆ పనులు అరగంట ముందే ముగించుకోవాలి.

మొదటి రెండు మూడు ధారలను గిన్నెలోకి గానీ నేల మీదికి గానీ కాకుండా, నల్లగుడ్డ కట్టిన చిన్న గ్లాసులోకి తీసి చూడాలి. తెల్లటి తునకలు, నీరులాంటి పాలు, రక్తపు చాయ కనిపిస్తే ఆ చన్నుకు జబ్బు ఉన్నట్టే. పైకి ఏమీ కనిపించని పొదుగువాపును పట్టడానికి బట్టల సబ్బుపొడి చాలు: లీటరు నీటికి 30 గ్రాములు కలిపి, ఆ నీళ్లూ ఒక్కో చన్ను పాలూ సమానంగా విడివిడి గిన్నెల్లో పోసి నిమిషం సేపు గుండ్రంగా తిప్పితే, జబ్బున్న చన్ను పాలు జిగురుగా, గంజిలా సాగుతాయి. పదిహేను రోజులకోసారి ఇలా చూసుకోవచ్చు. పరీక్షకు వాడిన పాలు పారబోయాలి.

వేళ్లను పాలలో ముంచి చన్నులు తడుపుకునే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. చేతి మురికి పాలలోకి, ఒక చన్ను జబ్బు ఇంకో చన్నుకు చేరడానికి దీనికి మించిన తేలిక దారి లేదు. పొడిచేతితో, బొటనవేలు మడవకుండా, అరచేతి నిండా చన్ను పట్టి పితకడం నేర్చుకుంటే తడపాల్సిన అవసరమూ రాదు, చన్నుకు గాయమూ కాదు. పితికాక చన్నులను పశువైద్యుడు చెప్పిన అయోడిన్ మందులో ముంచి, పశువు వెంటనే పడుకోకుండా ముందు పచ్చగడ్డి వేయాలి. చన్ను చివరి రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది. ఆలోపు పేడలో పడుకుంటే క్రిములు లోపలికి పోతాయి.

పొదుగు మీద బొబ్బలు, పొక్కులు ఉంటే చేతితొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. మన చేతికి గాయం, చీముపుండు ఉన్నా, విరేచనాలు పట్టుకున్నా, వారాలుగా దగ్గు వదలకపోయినా ఆ రోజులకు పితికే పని ఇంకొకరికి అప్పగించాలి, ఎందుకంటే క్షయ మనిషి నుంచి పశువుకూ పోతుంది. ఇంకొక సంగతి మా ప్రాంతానికే ప్రత్యేకం. ఇక్కడి పెద్దవయసు ఆడవాళ్లలో చాలామందికి అడ్డచుట్ట అలవాటు ఉంది. నిప్పు నోట్లో ఉండేలా తిప్పి పెట్టుకుని, మధ్యమధ్యలో తీస్తూ పెడుతూ సాలపని చేస్తారు. చుట్ట మంచిచెడ్డల సంగతి అలా ఉంచితే, పొదుగు పట్టిన వేళ్లు నేరుగా నోటికి చేరే దారి అది. మానమంటే మా అత్తగారు వినలేదు గానీ, చేతులు కడుక్కున్నాకే చుట్ట అందుకోమంటే ఆ మాటకు ఒప్పుకున్నారు.

గిన్నె, గుడ్డ, క్యాను

పాలకు స్టీలు పాత్రే మేలు. నూనె డబ్బాలు, పెయింటు బకెట్లు వాడకూడదు. ప్లాస్టిక్ మీది గీతల్లో పాలు పేరుకుని, ఎంత తోమినా వదలవు. ఖాళీ కాగానే ముందు చన్నీళ్లతో తొలచాలి, ఆ తర్వాతే వేడినీళ్లు, సబ్బు. మొదటే వేడినీళ్లు పోస్తే పాలు గిన్నెకు పట్టేస్తాయి. తోమిన పాత్రను నేల మీద కాకుండా గట్టు మీద ఎండలో బోర్లించాలి. వడగట్టే గుడ్డను రోజూ మరిగే నీళ్లలో వేసి తీసి ఆరేయాలి. గుడ్డ మురికిని ఆపుతుంది తప్ప క్రిమిని ఆపదు. వడగట్టిన పాలు శుభ్రమైన పాలు అనే భ్రమ ఉంచుకోకూడదు.

పితికిన రెండు గంటల్లోపు పాలు చల్లబరిచే యంత్రం ఉన్న కేంద్రానికో, పొయ్యి మీదికో చేరాలి. సాయంత్రం పాలు చల్లబరచకుండా ఉంచి పొద్దుటి పాలలో కలిపేసి పోయడం మంచిది కాదు. ఇక్కడ ఒక అపోహ ఉంది: పాలు ఎంతసేపు నిలవున్నా, ఎలాగూ కాస్తాం కదా అని. స్టెఫైలోకాకస్ వెచ్చటి పాలలో గంటల తరబడి పెరిగితే విషం వదులుతుంది. కాస్తే క్రిమి చస్తుంది గానీ ఆ విషం చావదు. అలాంటి పాలు తాగిన కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. వైశాఖ మాసపు పెళ్లిళ్లలో మధ్యాహ్నం నుంచి నిలవున్న పాలను రాత్రికి కాచి పాయసం చేస్తే ఇంటిల్లిపాదీ పడకేసేది ఎక్కువగా అందుకే.

కాచడం

పాలలోని జబ్బు క్రిములను చంపడానికి 63 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు గానీ, 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు గానీ అన్ని వైపులా సమానంగా వేడి తగిలితే చాలు; డెయిరీల్లో జరిగేది ఇదే. ఇంట్లో పొంగు వచ్చేదాకా కాస్తే ఆ హద్దు ఎలాగూ దాటుతుంది. కానీ అడుగున మరుగుతూ పైన మీగడ కింద అంత వేడి లేని స్థితి ఉండవచ్చు కాబట్టి, గరిటెతో కలుపుతూ కాచి, పొంగు రాగానే మంట తగ్గించి మరో రెండు మూడు నిమిషాలు ఉంచాలి. మూడు పొంగులు రానివ్వాలని పెద్దవాళ్లు చెప్పిన లెక్క ఇందుకు సరిపోతుంది. ఒకప్పుడు దాలిలో పిడకల సెగ మీద పొద్దంతా పాలు కాగి, మీగడ ఎర్రగా కట్టేది. ఈ విషయంలో మైక్రోవేవ్‌లో నిమిషం సేపు వెచ్చబెట్టిన గ్లాసు కంటే ఆ దాలి పాలే నమ్మదగినవి. గోరువెచ్చన చేయడం కాచడం కాదు.

కాచిన పాలను పచ్చి పాలు పోసిన గిన్నెలోకి తిరిగి వంచకూడదు, పచ్చి పాలలో ముంచిన గరిటెను వాటిలో ముంచకూడదు. ఆలస్యంగా వచ్చిన పావులీటరు పచ్చి పాలను కాచిన పాలలో కలిపేస్తే మొత్తం పచ్చి పాలే అవుతాయి. ఫ్రిజ్‌లో పెడితే చాలదా అంటే చాలదు. లిస్టీరియా అనే క్రిమి ఆ చలిలోనూ పెరుగుతుంది, గర్భిణికి సోకితే గర్భం పోయే ప్రమాదముంది.

పెరుగు కాచిన పాలతోనే తోడుపెట్టాలి. పులుపు అన్ని క్రిములనూ చంపదు. పచ్చి మీగడ చిలికిన వెన్నను పిల్లలకు అలాగే పెట్టకూడదు; కరగబెట్టి నెయ్యి చేస్తే భయం లేదు.

కాచకుండా తాగే సందర్భాలు

మేము పచ్చి పాలు తాగం అనేవాళ్ల ఇళ్లలో కూడా పచ్చి పాలు నోట్లోకి పోయే దారులు కొన్ని ఉన్నాయి. పొదుగు దగ్గరే గ్లాసు పట్టి పిల్లలకు తాగించే గుమ్మపాలు మొదటిది. బలమని చెబుతారు గానీ, కాచితే పాలలోని మాంసకృత్తులు, సున్నం ఎక్కడికీ పోవు, తగ్గేవి కొద్దిపాటి విటమిన్లే. రెండోది పంచామృతం. అభిషేకానికి పచ్చి పాలే కావాలనుకుంటే అభిషేకానికే వాడి, తీర్థంగా పుచ్చుకోవడానికి కాచి చల్లార్చిన పాలతో విడిగా కలిపి పెట్టుకోవచ్చు. నాగుల చవితికి పుట్టలో పోసే పచ్చి పాలు మిగిలితే ఇంటికి తెచ్చి కాచాలి తప్ప, పుట్ట దగ్గరే పిల్లల నోట్లో పోయకూడదు.

మూడోది మందు పేరుతో వచ్చేది. డెంగీ జ్వరాల కాలంలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మేకపాలు పచ్చివిగా తాగిస్తున్నారు. ఆ నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు. అప్పటికే నీరసించిన రోగి ఒంట్లోకి మేకల బ్రూసెల్లాను పంపే ప్రమాదం మాత్రం నిజంగా ఉంది. కళ్లకలకకు పచ్చి పాలు పిండడం కూడా ఇలాంటిదే.

జున్ను గురించి వేరుగా చెప్పాలి. ఈనిన ఇంటి నుంచి ముర్రుపాలు నాలుగిళ్లకు పంచడం మన మర్యాద, అది పోకూడదు. కానీ ఈనిన తొలిరోజుల పాలలోనే క్రిమి ఎక్కువగా ఉంటుంది. ఆవిరి మీద జున్ను మధ్యదాకా గట్టిపడేలా ఉడకాలి. పైన గట్టిగా, లోపల జావలా ఉంటే మళ్లీ పెట్టాలి. ఈసుకుపోయిన పశువు ముర్రుపాలు ఎవరికీ పంచకూడదు.

పిచ్చికుక్క కరిచిన గేదె

ఏదో ఒక ఊళ్లో ఏడాదికోసారైనా ఇది జరుగుతుంది. కుక్క కరిచిన గేదె కొన్ని వారాలకు చొంగ కారుస్తూ, అరుస్తూ చనిపోతుంది. దాని పాలు తాగిన ఊరంతా సూదిమందు కోసం ఆసుపత్రి ముందు నిలబడుతుంది. పాలు తాగడం వల్ల మనిషికి రేబిస్ సోకినట్టు నిర్ధారణ అయిన సంఘటన లేదు, కాచిన పాలు తాగినవాళ్లకు భయమే అవసరం లేదు. అలాగని అలాంటి పశువు పాలు వాడకూడదు. పచ్చివి తాగినవాళ్లు వైద్యుడికి చెప్పాలి. అసలు ప్రమాదం వేరేవాళ్లకు ఉంటుంది: గేదె మేత మింగడం లేదని గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టినవాళ్లకు, మందు తాగించినవాళ్లకు. గీరుకుపోయిన చేతికి చొంగ తగిలితే అది కాటుతో సమానం. వాళ్లు వెంటనే పదిహేను నిమిషాలు సబ్బు, ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పాలు తాగినవాళ్ల వరుసలో వాళ్లు చివర నిలబడి ఉండటం నేను స్వయంగా చూశాను.

ఆంత్రాక్స్ అనే దొమ్మ రోగంతో హఠాత్తుగా చనిపోయి, ముక్కు నుంచీ మలద్వారం నుంచీ నల్లటి రక్తం కారుతున్న పశువును కోయకూడదు, చర్మం తీయకూడదు, అంతకుముందు రోజు తీసిన దాని పాలు మిగిలి ఉంటే వాడకూడదు. వెంటనే పశువైద్యుడికి తెలపాలి.

కొనేటప్పుడు, టీకాలు

నారాయణవలస సంతలోనో అలమండ సంతలోనో గేదెను కొనేటప్పుడు పొదుగు, పళ్లు, సుడులు చూస్తాం. ఇంతకుముందు ఎప్పుడైనా ఈసుకుపోయిందా అని అడగం. అడిగినా నిజం చెప్పకపోవచ్చు కాబట్టి, తెచ్చాక నెలరోజులు విడిగా కట్టి, బ్రూసెల్లాకు రక్తపరీక్ష చేయించాలి. మీ మండల పశువైద్యశాలలో అడిగితే రక్తం ఎక్కడికి పంపాలో చెబుతారు. గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. ఊరి ఆంబోతుకు వదలడం కంటే, పరీక్షించిన ఆంబోతుల వీర్యంతో సూది వేయించడం క్షేమం.

బ్రూసెల్లాకు టీకా ఉంది. ఆడ పెయ్యలకు, పడ్డలకు 4 నుంచి 8 నెలల వయసులో ఒకే ఒక్కసారి వేస్తారు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద దీన్ని ఉచితంగా వేస్తున్నారు. ఆ నాలుగు నెలల వ్యవధి దాటిపోతే మళ్లీ అవకాశం రాదు కాబట్టి, పెయ్య పుట్టిన రోజున దాని నాలుగో నెల ఏ తేదీకి వస్తుందో క్యాలెండరులో రాసిపెట్టుకోవాలి. మగదూడలకు, చూడి పశువులకు వేయించకూడదు. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా. దూడను పట్టుకున్నవాళ్ల వేలికి పొరపాటున సూది గుచ్చుకున్నా, మందు కంట్లో చిమ్మినా వాళ్లకే జబ్బు రావచ్చు. అలా జరిగితే అదే రోజు వైద్యుణ్ణి కలవాలి.

జ్వరం వస్తే

పశువులున్న ఇంట్లో ఎవరికైనా వారం, పది రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే, సాయంత్రాలు వచ్చి రాత్రి చెమటతో దిగుతుంటే, నడుము, కీళ్లు నొప్పులుగా ఉంటే, మగవాళ్లకు వృషణాల వాపు కూడా తోడైతే, బ్రూసెల్లాను అనుమానించాలి. ఈ జ్వరం ఈత పని చేసిన వారానికే రావచ్చు, రెండు నెలలకూ రావచ్చు, కాబట్టి రెంటినీ కలిపి ఆలోచించడం మనకు అలవాటు ఉండదు. చికిత్స ఉంది, సాధారణంగా రెండు రకాల యాంటీబయాటిక్‌లను కలిపి ఆరు వారాలు వాడమంటారు. పదో రోజుకే జ్వరం పోయి ఒళ్లు తేలికపడుతుంది, అక్కడే ఎక్కువమంది మాత్రలు ఆపేస్తారు, జబ్బు తిరగబెట్టి వెన్నెముకను పట్టుకుంటుంది. నేను అయిదో వారంలో ఆపబోతే మా ఆవిడ మాత్రల పట్టీ తన దగ్గర పెట్టుకుని రోజూ లెక్కపెట్టి ఇచ్చింది.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు జ్వరం ఎన్నాళ్ల నుంచి ఉందో చెప్పి ఊరుకోకూడదు. మా ఇంట్లో ఇన్ని పశువులున్నాయి, ఫలానా నెలలో ఒకటి ఈసుకుపోయింది, మాయ నేనే తీశాను, పచ్చి పాలు తాగాను లేదా తాగలేదు అని అడగకపోయినా చెప్పాలి. మాట తడబడుతుందనుకుంటే చీటీ మీద రాసి తీసుకెళ్లాలి. రక్తం తీసే ల్యాబువాళ్లకూ అదే చెప్పాలి, ఎందుకంటే ఆ సీసాను విప్పేవాళ్లకు కూడా ఈ క్రిమి సోకుతుంది.